అమ్మకి కిడ్నీలో రాయి, వచ్చే నెల ఇంగ్లండ్ ప్రయాణం. పర్వాలేదా?

లెస్టర్ కొత్త సభ్యుడు: అందరికీ నమస్కారం. ఈ మధ్యే వచ్చాను. విశాఖ సీతమ్మధారలో ఉన్న అమ్మని విజిటర్ వీసా మీద తీసుకొద్దామనుకుంటున్నా. అమ్మకి 66 ఏళ్లు, షుగరుంది. ఎడమ కిడ్నీలో 9 ఎంఎం రాయి ఉందని స్కానింగ్‌లో తెలిసింది, నొప్పయితే లేదు. ఉలవల నీళ్లు తాగితే పోతుందని ఇంట్లోవాళ్లు అంటున్నారు. నాకే టెన్షన్.

ఎంవీపీ కాలనీ అక్క (లీడ్స్ నుంచి తిరిగొచ్చేశాను): తమ్ముడూ, నొప్పి లేదు కదా అని ధీమాగా ఉండకు. రాయి నొప్పి ఒక ఎత్తు, రాయి వెనకాల ఇన్‌ఫెక్షన్ ఇంకో ఎత్తు. రాయి జారి మూత్రనాళంలో ఇరుక్కుంటే పైన మూత్రం నిలిచిపోతుంది. అందులో బాక్టీరియా ఉంటే రక్తంలోకి ఎక్కి గంటల్లో బీపీ పడిపోవచ్చు. అప్పుడు యాంటీబయాటిక్ ఒక్కటే సరిపోదు. మూత్రనాళంలో స్టెంట్ అనే సన్నటి గొట్టం వేసో, వీపు నుంచి గొట్టం పెట్టో ముందు ఆ మూత్రం బయటికి తియ్యాలి. రాయి సంగతి ఇన్‌ఫెక్షన్ తగ్గాకే.

ఈ ముప్పు ఆడవాళ్లకి, పెద్ద వయసువాళ్లకి, షుగరున్నవాళ్లకి ఎక్కువ. అమ్మగారికి మూడూ ఉన్నాయి. ఇదివరకు మాటిమాటికీ యూరిన్ ఇన్‌ఫెక్షన్ వచ్చేదా, అడుగు. కొన్ని రకాల రాళ్లు ఇన్‌ఫెక్షన్ వల్లే పెరుగుతాయి, బాక్టీరియా రాయి లోపలే దాక్కుంటుంది. రాయి తీసేదాకా మందులతో తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది. ఎప్పుడో వేసిన స్టెంట్ తీయించకుండా వదిలేసినా, స్టెరాయిడ్లు వాడుతున్నా, ఒక్క కిడ్నీయే ఉన్నా భయమే.

మా వీధిలో ఒకావిడ మే నెల ఉక్కలో రెండు దుప్పట్లు కప్పుకుని గజగజా వణికింది. మలేరియా అనుకుని ఇంట్లోవాళ్లు పారాసిటమాల్ వేశారు. యూరిన్ టెస్టులో ఏమీ లేదు. ఉండదు మరి, దారి మూసుకుపోయిన కిడ్నీలోంచి మూత్రం కిందికొస్తేగా! స్కాన్ చేశాక రాత్రికి రాత్రే స్టెంట్ వేశారు, బతికింది.

ఫ్లైట్ ఎక్కేముందే యూరాలజిస్టుకి చూపించు. యూరిన్ కల్చర్ (మూత్రంలో బాక్టీరియా ఉందేమో చూసే టెస్టు), షుగరు మూడు నెలల సగటు టెస్టు చేయించు. రాయి తీయాలంటే విశాఖలోనే కానిచ్చెయ్. స్టెంట్ వేస్తే అది తీయించాకే బయల్దేరనీ.

లండన్ బాబాయి: డబ్బు సంగతి కూడా విను బాబూ. ఇక్కడ ఏ అండ్ ఈలో, అంటే ఆసుపత్రి ఎమర్జెన్సీలో, చూడటం ఎవరికైనా ఉచితమే. అడ్మిట్ చేశారో, విజిటర్‌కి ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) మామూలు రేటుకి ఒకటిన్నర రెట్లు బిల్లు వేస్తుంది. బిల్లుకి భయపడి ఆగకు, అత్యవసర వైద్యం ఆపరు. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు షుగరు, రాయి రెండూ చెప్పు. దాస్తే క్లెయిమ్ రాకపోవచ్చు. మన మందుల షాపులో అడిగినట్టు ఇక్కడ యాంటీబయాటిక్ ఇవ్వరు. నడుము పక్క నొప్పితో చలిజ్వరం వచ్చినా, వాంతులవుతున్నా తెల్లారేదాకా చూడొద్దు, నేరుగా ఏ అండ్ ఈకి తీసుకెళ్లు. పెద్దవాళ్లలో జ్వరం తెలియకపోవచ్చు. మగతగా ఉన్నా, మాట తడబడినా 999కి ఫోన్ చెయ్. విశాఖలో ఉండగా అయితే 108.

లెస్టర్ కొత్త సభ్యుడు: థాంక్స్ అక్కా, బాబాయ్. రిపోర్టు మళ్లీ చూశా. రాయి గురించి రాసిన లైను కింద "మైల్డ్ హైడ్రోనెఫ్రోసిస్" అని ఉంది. ఉలవల నీళ్లు ఆపేయమంటారా?

ఎంవీపీ కాలనీ అక్క: ఉలవల నీళ్లతో 9 ఎంఎం రాయి కరగదు. నువ్వు చదివిన ఆ మాటకి కిడ్నీలో మూత్రం నిలిచి కాస్త ఉబ్బిందని అర్థం. టికెట్ ఇంకా కొనకు. రేపే యూరాలజిస్టు అపాయింట్‌మెంట్ తీసుకో, తోడు ఎవరూ లేకపోతే నేను వెళ్తాను.