కోజీ మిస్టరీ నవలలకు తోడుగా ఏం వండిపెట్టాలి?

పెసరట్టు పాఠకురాలు (కూకట్‌పల్లి):

అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్‌లో ఏడుగురం కలిసి నెలకొక నవల చదివి, రెండో ఆదివారం సాయంత్రం ఒకరింట్లో కూర్చుని దాని గురించి మాట్లాడుకుంటాం. నిరుడంతా బరువైన పుస్తకాలే చదివి కొంత అలసిపోయినందువల్ల ఈ ఏడాది కొత్తగా వస్తున్న కోజీ మిస్టరీలు చదువుదామని అనుకున్నాం. హత్య తెర చాటున జరిగిపోయి, పోలీసు శాఖతో సంబంధం లేని మామూలు మనిషెవరో టీ కాచుకుంటూ, ఇరుగుపొరుగు కబుర్లు వింటూ హంతకుణ్ణి పట్టుకునే కథలంటే మాకు ఇష్టం. ఇటువంటి నవలల్లో వంటిల్లు ఎలాగూ ఉంటుంది కనుక, ప్రతి పుస్తకానికీ తగిన తిండి ఒకటి పెడదామన్నది నా ఆలోచనే. అందుచేత చేసిపెట్టే పని కూడా నా నెత్తినే పడింది.

మొదటి నెలలో రిచర్డ్ ఆస్మన్ రాసిన 'ద థర్స్‌డే మర్డర్ క్లబ్' తీసుకున్నాం. బయట వాన పడుతోంది కదా అని మిరపకాయ బజ్జీలు వేశాను. హంతకుడు ఎవరో ముందే తెలిసిపోయిందా లేదా అన్న వాదన ముదిరి, ఒకరు ఆధారం చూపించబోయి నూనె చేత్తోనే పుట తిప్పారు. గ్రంథాలయం నుంచి తెచ్చిన ఆ ప్రతిలో ఇప్పుడు బొటనవేలంత మరక ఉంది, దాని గుండా వెనక పుటలోని అక్షరాలు కూడా కనిపిస్తున్నాయి. జరిమానా కట్టడం కష్టం కాలేదు కానీ, ఆ పుట తెరిచి చూపించవలసి వచ్చినప్పుడు మాత్రం తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అన్నిటినీ మించి, ఆ బజ్జీలకూ ఆ కథకూ ఏ సంబంధమూ లేదు.

ఏయే కొత్త నవలలకు ఏం పెడితే బాగుంటుందో అనుభవం ఉన్నవారు చెప్పగలరు. మాలో ఇద్దరు శాకాహారులు, ఒక పెద్దావిడకు చక్కెర వ్యాధి ఉంది, ఇంకొకరు సాయంత్రం టీ తాగితే ఆ రాత్రి నిద్రపోలేరు.

చేగోడీల డబ్బా:

తిండిలో మొదట చూడవలసింది రుచి కాదండీ, చెయ్యి. పుస్తకం చేతిలో ఉన్నంతసేపు పెట్టేది పొడిగా, ఒక్కొక్కటిగా తీసుకునేందుకు వీలుగా ఉండాలి. నా లెక్కలో చేగోడీని మించినది లేదు. వేలికి తగిలించుకుని కొరకవచ్చు, పొడి రాలదు, చల్లారినా రుచి పోదు. ఉస్మానియా బిస్కెట్ ఎంత బాగున్నా పుటల నడిమి సందులోకి దాని పొడి చేరుతుంది, అక్కణ్ణుంచి దులపడం ఎవరి తరమూ కాదు.

ఇక ఆ ఆస్మన్ నవలకు మీ బజ్జీలు నప్పకపోవడానికి కారణం ఉంది. 2020లో వచ్చిన ఆ కథ ఇంగ్లండ్‌లోని కెంట్ ప్రాంతంలో, విశ్రాంత జీవితం గడుపుతున్న వృద్ధులు ఉండే ఒక ఆవరణలో నడుస్తుంది. నలుగురు పెద్దవాళ్లు గురువారం గురువారం కూర్చుని పాత కేసులు తిరగేస్తుంటారు. వారిలో జాయిస్ అనే ఆవిడ కేకులు చేసి తెస్తుంది. ఆ కేకు అక్కడ తినడానికి మాత్రమే కాదు, ఎదుటివారి నోరు తెరిపించడానికి కూడా పనికివస్తుంది. కోజీ మిస్టరీలో తిండి చేసే అసలు పని ఇదేనని నా అభిప్రాయం. ప్లేటు ముందు కూర్చున్న సాక్షి ఠాణాలో చెప్పని మాటలు చెబుతాడు.

అగాథా క్రిస్టీ ఈ కిటుకును ఎప్పుడో పట్టుకున్నారు. 1950లో వచ్చిన 'ఎ మర్డర్ ఈజ్ అనౌన్స్‌డ్'లో 'రుచికరమైన మరణం' అని ముద్దుపేరు పెట్టుకున్న చాక్లెట్ కేకు ఒకటి ఉంది. చక్కెర ఇంకా రేషన్ మీదే దొరుకుతున్న రోజుల్లో ఇంగ్లండ్ పాఠకులకు ఆ కేకు వర్ణన ఎంత నోరూరించి ఉంటుందో ఊహించండి. ఇది కొత్త పుస్తకం కాదు కాబట్టి మీకు సిఫారసు చేయడం లేదు, నోరు ఆగక చెప్పాను.

ఎడిసన్ వంటిల్లు:

నేను న్యూజెర్సీలో ఉంటాను. ఇక్కడి మా తెలుగు స్నేహితురాళ్లం కిందటి శీతాకాలంలో మియా పి. మనన్సాలా రాసిన 'ఆర్సెనిక్ అండ్ అడోబో' చదివాం. 2021లో వచ్చిన ఈ నవలలో లైలా అనే ఫిలిప్పీన్స్ మూలాల అమ్మాయి ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఒక చిన్న ఊళ్లో మేనత్త నడిపే హోటల్‌ను నిలబెట్టే ప్రయత్నంలో ఉండగా, ఆమె మాజీ ప్రియుడే అక్కడ భోంచేస్తూ కుప్పకూలిపోతాడు. అతడు ఆ ఊరి హోటళ్ల మీద విమర్శలు రాసేవాడు కాబట్టి అనుమానం నేరుగా లైలా మీదకు వస్తుంది. ఎవరింటి అన్నం తిని మనిషి పోయాడో ఆ ఇంటివారిని ఊరు ఎలా చూస్తుందో మనకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

అడోబో అంటే వెనిగర్, సోయా సాస్, వెల్లుల్లి, మిరియాలు, బిరియానీ ఆకు వేసి ఉడికించే వంటకం. సాధారణంగా మాంసంతోనే చేసినా, ఫిలిప్పీన్స్‌లో వంకాయలతో కూడా చేస్తారు కనుక మీ శాకాహారులకు ఇబ్బంది ఉండదు. లేత వంకాయలను నిలువుగా చీల్చి నూనెలో మగ్గించి, ఆ పులుపులో వేసి అన్నంతో పెట్టండి. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. వెనిగర్ పోసిన తరువాత అది తెర్లేవరకు గరిటె పెట్టవద్దని అక్కడి పెద్దవాళ్లు చెబుతారు. నేను మొదటిసారి ఆ మాట పెడచెవిన పెట్టాను, పచ్చి వాసన చివరిదాకా వదల్లేదు. అన్నం కలుపుకున్న చేత్తో పుస్తకం పట్టుకోవడం ఎలాగూ కుదరదు కాబట్టి, పుస్తకాలన్నీ అలమారలో పెట్టించిన తరువాతే కంచాలు వేయండి.

ఆ నవలలో నాకు బాగా నచ్చినది ఊబే. ఊదారంగు దుంపతో చేసే మిఠాయిలూ బిస్కెట్లూ కథలో పదే పదే వస్తాయి. ఆ దుంప మన పెండలం జాతిదేనని తెలిసినప్పుడు నాకు గోదావరి జిల్లాలోని మా అమ్మమ్మగారి పెరడు గుర్తుకొచ్చింది. మన దగ్గర అమ్మేవి ఎక్కువగా తెల్లగానే ఉంటాయి కానీ, వెతికితే లోపల ఊదారంగు తిరిగినవి కూడా దొరుకుతాయి. ఉడికించి, మెత్తగా చిదిమి, కొబ్బరిపాలు కలిపి దగ్గరపడేదాకా తిప్పితే చాలు. పెద్దావిడకు చక్కెర వేయకుండా విడిగా తీయండి.

రాత్రిబండి ప్రయాణికుడు:

పైవారు చెప్పినవన్నీ సరైనవే అయినా, పుస్తకంలో ఉన్న వంటకాన్నే వండాలనే పట్టుదల నాకు అంతగా నచ్చదు. మనం ఎన్నడూ తినని వంటకాన్ని యూట్యూబ్ చూసి చేస్తే, అది సరిగా కుదిరిందో లేదో చెప్పగలిగినవారు గదిలో ఒక్కరు కూడా ఉండరు.

ఈ విషయంలో నా కళ్లు తెరిపించినది హిసాషీ కాషివాయ్ రాసిన 'ద కమొగావా ఫుడ్ డిటెక్టివ్స్'. జపనీస్‌లో 2013లోనూ ఇంగ్లీషులో 2023లోనూ వచ్చింది. హత్యలు లేవు కాబట్టి ఇది కోజీ మిస్టరీ కిందకు రాదనే వారితో నేను వాదించను. క్యోటోలో బోర్డు కూడా లేని ఒక భోజనశాలను ఒకప్పుడు పోలీసు డిటెక్టివ్‌గా పనిచేసిన తండ్రి, ఆయన కూతురు కలిసి నడుపుతుంటారు. జనం వారి దగ్గరకు వచ్చి, ఎప్పుడో తిని మళ్లీ దొరకని ఒక రుచిని వెతికిపెట్టమని అడుగుతారు. మొదటి కథలో భార్యను పోగొట్టుకున్న ఒకాయన, ఆమె చేసిపెట్టిన నబెయాకి ఊడోన్ అనే నూడుల్స్ వంటకం కావాలని వస్తాడు. కూతురు ప్రశ్నలు అడిగి వివరాలు రాసుకుంటుంది, తండ్రి ఊళ్లు తిరిగి ఆధారాలు పోగుచేస్తాడు. ఏ దినుసు ఏ ఊరిదో, ఏ పద్ధతి ఎవరి దగ్గర నేర్చుకున్నదో తేల్చడమే అక్కడ నేరపరిశోధన.

ఆ పుస్తకానికి మీరు ఏమీ వండకండి. ఏడుగురినీ తమకు దొరకకుండా పోయిన ఒక రుచిని గురించి వచ్చి చెప్పమనండి. మా కూటమిలో ఒకాయన వాళ్ల నాయనమ్మ చేసే పప్పుచారు గురించి చెప్పారు. అందులో ఏదో కమ్మటి వాసన ఉండేదట, ఎంత ప్రయత్నించినా ఇంట్లో రావడం లేదట. పదిమందిమి పోలీసుల్లా ప్రశ్నలు వేయగా గంట తరువాత తేలినది ఏమిటంటే, ఆవిడ పోపు ఆముదంతో పెట్టేది. పైనెలలో ఆయన ఆ పప్పుచారు కాచి తెచ్చారు. మాకు అంత గొప్పగా అనిపించలేదు కానీ, ఆయన మాత్రం రెండు గిన్నెలు తాగారు.

అల్లం మురబ్బా:

టీ గురించి ఒక్క మాట. నిద్రపట్టని వారికి రూయిబోస్ పెట్టండి. అలెగ్జాండర్ మెకాల్ స్మిత్ 1998లో మొదలుపెట్టిన వరుస నవలల్లో బోట్స్వానా డిటెక్టివ్ రమోత్స్వే రోజూ తాగేది అదే, వాళ్లు బుష్ టీ అంటారు. దక్షిణాఫ్రికాలో పెరిగే ఆ మొక్క తేయాకు జాతిది కాదు, అందులో కెఫీన్ ఉండదు. ఎంతసేపు నాననిచ్చినా మన టీలా చేదెక్కదు కాబట్టి, మాటల్లో పడి మరిచిపోయినా నష్టం లేదు.

జెస్సీ క్యూ. సుటాంటో 2023లో రాసిన వేరా వాంగ్ నవలను కూడా జాబితాలో చేర్చుకోండి. శాన్ ఫ్రాన్సిస్కోలోని చైనాటౌన్‌లో టీ దుకాణం నడిపే అరవయ్యేళ్ల ఆవిడ, తన దుకాణంలో శవం కనిపిస్తే పోలీసుల మీద నమ్మకం లేక తానే దర్యాప్తు మొదలుపెట్టి, అనుమానితులందరికీ కడుపు నిండా వండిపెడుతుంది. మా అత్తగారు చదివితే తన కథే అనుకుంటారు.

పెసరట్టు పాఠకురాలు (కూకట్‌పల్లి):

అందరికీ కృతజ్ఞతలు. వచ్చే నెలకు మనన్సాలా నవల ఖాయం చేశాం. మాట్లాడుకున్నంతసేపు చేగోడీలు, పుస్తకాలు అలమారలో పెట్టేసిన తరువాత వంకాయ అడోబో, చివరికి రూయిబోస్ అని అనుకున్నాం. కమొగావా పుస్తకాన్ని ఆ పైనెలకు ఉంచాను. ఆముదం పోపు సంగతి మా పెద్దావిడకు చెబితే, అందులో వింతేముందని నన్నే ఎదురు అడిగారు. ఇక ఊదారంగు పెండలం హైదరాబాద్‌లో ఏ రైతుబజారులో చూశారో ఎవరైనా చెబితే, ఈ శనివారమే వెళ్లి తెచ్చుకుంటాను.