ఎర్లిక్–సైమన్ పందెం లెక్క బోరు నీళ్లకు వర్తిస్తుందా?

అందరికీ నమస్కారం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ‘పెరిగే జనాభాకు భూమి సరిపోతుందా?’ అని స్కూల్లో డిబేట్. సరిపోతుందనే వైపు మాట్లాడాలి. తయారు చేయిస్తున్నది నేనే, మధ్యలో ఇరుక్కుపోయాను.

1980లో జీవశాస్త్రవేత్త పాల్ ఎర్లిక్, ఆర్థికవేత్త జూలియన్ సైమన్ ఒక పందెం వేసుకున్నారు. జనం పెరిగేకొద్దీ లోహాలు కరువై రాగి, క్రోమియం, నికెల్, తగరం, టంగ్‌స్టన్ ధరలు పదేళ్లలో పెరుగుతాయని ఎర్లిక్, పెరగవని సైమన్. ఆ పదేళ్లలో ప్రపంచ జనాభా 80 కోట్లకు పైగా పెరిగింది. అయినా, ద్రవ్యోల్బణం తీసేసి చూస్తే, ధరలు తగ్గాయి. ఎర్లిక్ 576 డాలర్ల చెక్కు పంపాడు. మంచి పాయింటు దొరికిందని మురిసిపోయాను.

‘మరి మన బోరు సంగతేంటి నాన్నా?’ అంది అమ్మాయి. హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ బోరు మొదట 400 అడుగులు, కొత్తది 1,100. మార్చి వస్తే కుళాయి ముందు బుస్సుమని గాలి వదిలి, తర్వాత ఎర్రటి బురద కక్కుతుంది. ఇక ట్యాంకర్ డబ్బుల కోసం వాట్సాప్ గ్రూపులో గొడవ (అది వేరే కథ). రాగి తీగ బదులు అల్యూమినియం తీగ వాడొచ్చు, నీళ్ల బదులు ఏం వాడతాం?

భూగర్భ జలాల గురించి తెలిసినవాళ్లు చెప్పండి. బోర్లు ఎండడంలో జనం పెరగడం వాటా ఎంత, వాన ఇంకకుండా మనం పోసిన కాంక్రీటు వాటా ఎంత? అసలు అలా విడదీయగలమా? డిబేట్ శుక్రవారమే.