లేడీ బి గుడ్: స్థావరం దాటి అంత దూరం ఎలా వెళ్లింది?

నింగిచూపు: 1943 ఏప్రిల్ 4న లిబియాలోని సొలూక్ నుంచి ఇటలీలోని నేపుల్స్ మీద దాడికి వెళ్లిన అమెరికా బాంబర్ విమానం (బి-24డి) ఇది. తిరిగొస్తూ తీరం దాటేసి, 700 కి.మీ. లోపల ఎడారిలో కూలింది. దారి తప్పామని అనుమానం వచ్చి రేడియోలో దిక్కు అడిగారు కదా, మరి తేడా ఎక్కడ వచ్చింది? విమానం చాలావరకు బాగానే ఉందంటారు, అయినా తొమ్మిది మందిలో ఒక్కరూ ఎందుకు బతకలేదు?

లూప్‌యాంటెన్నా: చిక్కంతా ఆ దిక్కులోనే ఉందండి. బెంఘాజీ దగ్గరి బెనీనా రేడియో స్టేషన్ చెప్పిన బేరింగ్ (స్టేషన్ నుంచి విమానం ఉన్న దిక్కు, ఉత్తరం నుంచి డిగ్రీల్లో) 330, అంటే వాయవ్యం, సముద్రం వైపు. స్టేషన్‌లో చుట్టలాంటి లూప్ యాంటెన్నాను తిప్పుతూ సిగ్నల్ బాగా సన్నగిల్లే చోట కోణం చదువుతారు. ఒక చుట్టులో అలాంటి చోట్లు రెండు వస్తాయి, సరిగ్గా 180 డిగ్రీల ఎడంతో. తోడుగా, రెండింటిలో ఏ వైపో తేల్చే సెన్స్ యాంటెన్నా లేకపోతే 330కి, 150కి తేడా తెలియదు. విమానం అప్పటికే స్టేషన్ దాటి 150 వైపు ఉంది. సిబ్బంది మాత్రం ఇంకా సముద్రం మీదే ఉన్నామనుకుని ఆగ్నేయంగానే సాగారు.

తేల్చుకునే దారి ఉంది: కుడికి 90 డిగ్రీలు తిరిగి, కొన్ని నిమిషాలు ఎగిరి మళ్లీ బేరింగ్ అడగాలి. 330 తగ్గితే ఇంకా సముద్రం మీద ఉన్నట్టు, పెరిగితే స్టేషన్ దాటేసినట్టు. చీకటి, మబ్బు, పైగా అందరికీ అదే మొదటి దాడి. ఆ స్థితిలో ఇది తోచకపోవడాన్ని నేను తప్పుపట్టలేను.

ఇసుకదారి: రెండో ప్రశ్నకు: పెట్రోలు అయిపోతుండగా 5వ తేదీ తెల్లవారుజామున రెండింటికి అందరూ దూకేశారు. ఖాళీ విమానం ఇంకో 26 కి.మీ. పోయి, బొజ్జ మీద దిగింది. నీళ్లు, తిండి, పనిచేసే రేడియో అన్నీ అందులోనే ఉండిపోయాయి. వీళ్లు దానికి ఎదురు దిక్కున, తీరం వైపు నడిచారు. ఎనిమిది మందికి అర క్యాంటీన్ (సైనికుల నీళ్ల సీసా) నీళ్లు, రోజుకు మనిషికి ఒక మూతెడు. వెతికేవాళ్లకు ఆనవాలుగా పారాచూట్ పీలికలను బాణంలా పరిచి, రాళ్లు పెట్టారు. దాదాపు 130 కి.మీ. తర్వాత ఐదుగురు ఆగిపోయారు, ముగ్గురు ముందుకెళ్లారు. కో-పైలట్ టోనర్ డైరీ ఏప్రిల్ 12తో ఆగింది.

లూప్‌యాంటెన్నా: తొమ్మిదో మనిషి, బాంబులు వేసే బొంబార్డియర్ వొరావ్కా. 1960 ఆగస్టులో దొరికాడు, పారాచూట్ పూర్తిగా విచ్చుకోలేదు. ముందుకెళ్లిన ముగ్గురిలో షెల్లీ, రిప్‌స్లింగర్ అదే ఏడాది మేలో దొరికారు, ఆ ఐదుగురికి 30 కి.మీ. పైనే అవతల. మూర్ ఆచూకీ అధికారికంగా నేటికీ తేలలేదు.