నాన్న ముక్కులో కండ మళ్ళీ పెరిగింది, ఈసారి రిపోర్టులో 'ఇన్వర్టెడ్ పాపిలోమా' అని వచ్చింది

తెనాలి అమ్మాయి (ప్రశ్న)

నాన్నకి 63. ఆర్టీసీ డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. చాలా ఏళ్ళుగా ఆయనకి ఎడమ ముక్కు ఒక్కటే దిబ్బడ. కుడి ముక్కు శుభ్రంగా ఆడుతుంది. బస్సు దుమ్ము, ఎలర్జీ అనుకుని స్ప్రేలు కొట్టించాం.

2023లో ఒక నర్సింగ్ హోమ్‌లో చూపిస్తే కండ పెరిగిందని ఆపరేషన్ చేశారు. తీసిన ముక్కని స్టీలు ట్రేలో పెట్టి నాకు చూపించారు కూడా. ఎర్రగా, బొడిపెలు బొడిపెలుగా ఉంది. దాన్ని ల్యాబ్‌కి పంపలేదు. అడగాలని మాకూ తెలియలేదు.

ఇప్పుడు మళ్ళీ అదే వైపు మూసుకుపోయింది. వేరే డాక్టరు గారు ముక్కులోకి కెమెరా ఉన్న సన్న గొట్టం (స్కోప్) వేసి, చిన్న ముక్క బయాప్సీకి పంపారు. 'ఇన్వర్టెడ్ పాపిలోమా, డిస్‌ప్లేసియా లేదు' అని వచ్చింది. అంటే కణాలు క్యాన్సర్ వైపు మారడం మొదలవలేదని, క్యాన్సర్ కాదట. కానీ ఈసారి లోపలి ఎముక కూడా కొంత తీసి, అరగదీయాలట. క్యాన్సర్ కానప్పుడు ఎముక దాకా ఎందుకు? నాన్నేమో "ఒకసారి కోయించుకున్నాగా, ఇక నావల్ల కాదు" అని మొండికేశారు. ఇది ఎవరికైనా వచ్చిందా? నాకైతే రెండు రోజులుగా నిద్ర లేదు.

పొలం బాబాయ్

అమ్మా, నాకు వచ్చింది. కుడి వైపు. 2014లో ఒకసారి, 2016లో రెండోసారి చేయించుకున్నాను. మీ నాన్నగారి కథే నాదీనూ.

ఎముక ఎందుకని నేనూ అడిగాను. మా డాక్టరు గారు చెప్పింది నా భాషలో చెప్తాను. పొలంలో తుంగ ఉంటుంది చూడు, పైన గడ్డి పీకి గట్టున పడేస్తే వారం తిరక్కుండా మళ్ళీ లేస్తుంది. కింద దుంప రావాలి. మొదటిసారి నాకు గడ్డి పీకారు, అంతే. ఈ గడ్డ ముక్కంతా నిండినట్టు కనిపించినా, అది పుట్టిన చోటు చిన్నదే ఉంటుంది. నాకు బుగ్గ ఎముక వెనక సైనస్ గోడ మీద. సీటీ ఫిల్మ్ లైటు మీద పెట్టి చూపించారు, మిగతా ఎముక ఉల్లిపొరలా పల్చగా ఉంటే అక్కడ మాత్రం గోరంత మేర మందంగా, తెల్లగా ఉంది. "మీ దుంప ఇదే" అన్నారు. అక్కడ డ్రిల్లుతో అరగదీశారు. ముఖం మీద గాటు లేదు, అంతా ముక్కులోంచే.

ఆపరేషన్ కంటే తర్వాతే విసుగు. ముక్కులో కుక్కిన ప్యాక్ బయటికి లాగేటప్పుడు కళ్ళ వెంట నీళ్ళు తిరిగాయి. పైపెదవి, ముందుపళ్ళు రెండు నెలలు మొద్దుబారాయి, టీ గ్లాసు ఆనినట్టే తెలిసేది కాదు. లోపల పక్కులు కట్టేవి. కాచి చల్లార్చిన నీళ్ళలో ఉప్పు పొడి ప్యాకెట్ కలిపి రోజుకి మూడుసార్లు బాటిల్‌తో కడిగేవాణ్ణి. మా మనవడు అది చూడ్డానికి స్టూలేసుకుని కూర్చునేవాడు.

ఒకటి మాత్రం చెప్తా. నాలుగో ఏట నాకు ఏ బాధా లేదు, ఊపిరి బాగానే ఆడుతోంది. చెకప్‌కి వెళ్తే స్కోప్‌లో శనగగింజంత బొడిపె కనపడింది. మత్తు స్ప్రే కొట్టి ఓపీలోనే తీశారు. ఆ చెకప్ ఎగ్గొట్టి ఉంటే మళ్ళీ థియేటరే. నాన్నగారికి ఈ మాట చెప్పు.

వంటింటి వైద్యం

మా అత్తగారికి ముక్కులో కండ ఉంటే ఏడాది పాటు నువ్వుల నూనె చుక్కలు, పసుపు ఆవిరితో కరిగిపోయింది. ఆపరేషన్ వద్దండి.

గుంటూరు ఈఎన్‌టీ

పైన ఆవిరి గురించి రాసినవారికి: మీ అత్తగారిది ఏమిటో చూడకుండా నేను చెప్పలేను. కానీ ఈ పాపిలోమా ఆవిరికి గానీ, స్టెరాయిడ్ స్ప్రేకి గానీ కరగదు. దయచేసి ఆ సలహా ఇవ్వకండి.

తెనాలి అమ్మాయి గారూ, మామూలు కండలు, అంటే పాలిప్‌లు ఎక్కువగా రెండు వైపులా వస్తాయి. ఒలిచిన ద్రాక్షపండులా పాలిపోయి, నున్నగా ఉంటాయి. మీరు ట్రేలో చూసింది అలా లేదు, పైగా ఒకే వైపు. పెద్ద వయసులో ఒకే వైపు కండ అంటే ముక్క పరీక్షకి వెళ్ళి తీరాలి. మొదటిసారి జరగాల్సింది అదే.

ఇది క్యాన్సర్ కాదు, నిజమే. కానీ దీని పొర పైకి పెరిగే బదులు చొక్కా చెయ్యి తిరగేసినట్టు లోపలికి ముడుచుకుంటూ పెరుగుతుంది. పక్క ఎముకని కూడా తినేయగలదు. నూటికి ఐదు నుంచి పది మందిలో క్యాన్సర్ కలిసి ఉండటమో, తర్వాత మారడమో జరుగుతుంది. బయాప్సీలో తీసేది చిన్న ముక్కే కాబట్టి ఆపరేషన్లో తీసినదంతా ల్యాబ్‌కి పంపమని గట్టిగా అడగండి.

ఎంఆర్ఐ రాశారా? సీటీలో గడ్డా, దాని వెనక నిలిచిపోయిన చీమిడీ ఒకేలా కనిపిస్తాయి. ఎంఆర్ఐలో పాపిలోమా మెదడు మడతల్లా చారలు చారలుగా తెలుస్తుంది. కొన్ని రిపోర్టుల్లో 'ష్నైడేరియన్ పాపిలోమా' అనో, 1938లో దీన్ని వర్ణించిన రింగర్ట్జ్ పేరుతోనో రాస్తారు. కొత్త జబ్బు అని కంగారు పడకండి.

మళ్ళీ రావడం ఎక్కువగా మొదటి రెండు మూడేళ్ళలోనే. ఆ తర్వాత రాదని మాత్రం కాదు, పొలం బాబాయ్ గారిది చూశారుగా. మూడునాలుగు నెలలకోసారి స్కోప్‌తో మొదలుపెట్టి, తర్వాత ఏడాదికోసారి, కనీసం ఐదేళ్ళు. తీసిన ముక్క స్లైడ్లు, దాన్ని మైనంలో భద్రపరిచిన పారాఫిన్ బ్లాకు ల్యాబ్‌లో అడిగి తీసుకుని దాచుకోండి. రెండో అభిప్రాయానికి అవే కావాలి.

తెనాలి అమ్మాయి

అందరికీ థ్యాంక్సండీ. బాబాయ్ గారూ, మీ తుంగ మాట నాన్నకి ఫోన్లో చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ శనగగింజ నొప్పేసిందా అని అడుగు" అన్నారు. మంగళవారం ఎంఆర్ఐకి వస్తానన్నారు.

పొలం బాబాయ్

నొప్పి లేదని చెప్పమ్మా. గొంతులోకి జారిన మత్తు చేదు ఒక్కటే, సాయంత్రం దాకా ఉంది.