కాలేయపు సెక్షనంతా ఆకుపచ్చగా వెలుగుతోంది, ఎంజైము జాడ మాత్రం లేదు

శోధకురాలు:
నిన్న ఉదయం నుంచి సూక్ష్మదర్శిని ముందే కూర్చున్నాను, ఇంతవరకు ఒక్క పనికొచ్చే చిత్రం కూడా రాలేదు. గ్లూటమీన్ సింథేజ్ అనే ఎంజైము ఏయే కణాల్లో ఉందో చూడడానికి, దాన్ని పట్టుకునే ప్రతిరక్షకానికి (యాంటీబాడీకి) ఆకుపచ్చ ప్రతిదీప్తి రంగును నేనే అతికించాను. కిట్‌తో వచ్చిన కాగితంలో ఉన్నది ఉన్నట్టు చేశాను. 280, 494 నానోమీటర్ల దగ్గర శోషణ కొలిచి లెక్క వేస్తే ఒక్కో ప్రతిరక్షకానికి 5 రంగు అణువులు వచ్చాయి కాబట్టి అక్కడ లోపం లేదు. అయినా సెక్షనంతా, అంటే పలచగా కోసిన కణజాలపు ముక్కంతా, ఒకే తీరుగా మసకగా వెలుగుతోంది. 1:50 నుంచి 1:800 దాకా పలచన చేసి చూశాను, కడగడం రెట్టింపు చేశాను, మార్పు లేదు. ఎక్కడ తప్పు జరుగుతోందో దయచేసి చెప్పండి.

ఇమేజింగ్ గది:
ఏ కణజాలం? ప్రతిరక్షకం వేయని సెక్షను చూశారా? అసలు సీసాలో ప్రతిరక్షకంతో పాటు ఏమేం ఉన్నాయి?

జీవరసాయన అధ్యాపకుడు:
ముందుగా ఒక సవరణ. అది సింథేజ్ కాదు, సింథటేజ్. గ్లుటమేట్‌ను, అమోనియాను కలిపేటప్పుడు ఈ ఎంజైము కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువును ఖర్చు చేస్తుంది. అలా ఖర్చు చేసి రెండు అణువులను అతికించే లైగేజ్ తరగతి ఎంజైములకే సింథటేజ్ అనే మాట చెల్లుతుంది. పేరులోనే దాని పని ఉంది కనుక పరిశోధన చేసేవారు ఈ తేడాను తేలికగా తీసుకోకూడదు.

పాత విద్యార్థి:
సింథేజ్ అనే మాటను ఏటీపీ వాడినా వాడకపోయినా వాడవచ్చని ఎంజైముల నామకరణ సంఘమే తరువాత అనుమతించింది కదండీ. ఈ ఎంజైముకు సింథటేజ్ అన్నదే స్థిరపడిన పేరన్న మాట నిజమే గానీ, ఆమె రాసినదాన్ని తప్పనలేం.

జీవరసాయన అధ్యాపకుడు:
అనుమతి ఉన్నంత మాత్రాన అది మంచి వాడుక అయిపోదు.

శోధకురాలు:
కాలేయం అని శీర్షికలోనే రాశాను. పద్దెనిమిది నెలల ఎలుకలవి, ఫార్మాల్డిహైడ్‌లో ఉంచి 5 మైక్రాన్ల మందంతో కోసినవి. ప్రతిరక్షకం వేయని సెక్షను కూడా కొంత వెలుగుతోంది, కానీ కాలేయమంటే అది మామూలే కదా అని పట్టించుకోలేదు. సీసాలో అందరికీ తెలిసినవే ఉన్నాయి: ఫాస్ఫేట్ బఫర్, సోడియం అజైడ్, 1 శాతం బి.ఎస్.ఏ. (ఆవు రక్తపు అల్బుమిన్ ప్రోటీను). రంగు కలిపే ముందు 30 కిలోడాల్టన్ల ఫిల్టరులో మూడుసార్లు తిప్పి బఫర్ మార్చాను కాబట్టి అవన్నీ పోయాయి.

ఇమేజింగ్ గది:
బి.ఎస్.ఏ. అణువు బరువు 66 కిలోడాల్టన్లు. అది ఆ ఫిల్టరు దాటదు. మీ రంగు చాలా వరకు దానికే అంటుకుంది.

పాత విద్యార్థి:
పై మాటను కొంచెం విడమరచి చెబుతాను, ఎందుకంటే నేనూ ఒకప్పుడు ఇదే పొరపాటుతో నెల రోజులు పోగొట్టుకున్నాను. కిట్‌లోని రంగు ప్రోటీన్లలో ఉండే లైసీన్ అనే అమైనో ఆమ్లపు అమైను గుంపులను పట్టుకుంటుంది. అవి ఏ ప్రోటీనువన్న వివక్ష దానికి లేదు. 1 శాతం అంటే మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల బి.ఎస్.ఏ. ప్రతిరక్షకం మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము ఉందనుకున్నా, అణువుల లెక్కన బి.ఎస్.ఏ. ఇరవై రెట్లకు పైగా ఉంటుంది, పైగా ఒక్కో అణువులో సుమారు 60 లైసీన్లు ఉంటాయి. మీకు వచ్చిన ఆ 5 అన్న అంకెను నమ్మకండి. 280 దగ్గర బి.ఎస్.ఏ. కూడా కాంతిని పీల్చుకుంటుంది కాబట్టి అది ప్రతిరక్షకం లెక్క కానే కాదు. రంగెక్కిన బి.ఎస్.ఏ. సెక్షనుకు అంతటా అంటుకుని మసక తెస్తుంది, అసలు ప్రతిరక్షకానికి రంగు చాలక అది ఎంజైమును పట్టుకున్నా కంటికి ఆనదు.

దానికి తోడు ముసలి ఎలుక కాలేయంలో లిపోఫస్సిన్ అనే వయసు వర్ణకం పేరుకుని ఉంటుంది, అదీ కణాల్లో సహజంగా ఉండే ఫ్లావిన్లూ కలిసి ఆకుపచ్చ వైపు తమంతట తామే వెలుగుతాయి. ఈ ఇబ్బంది కొత్తది కాదు. 1941లో ఆల్బర్ట్ కూన్స్ బృందం ప్రతిరక్షకానికి మొదట అతికించిన ఆంత్రసీన్ రంగు నీలంగా వెలిగేది; కణజాలపు సొంత వెలుగూ నీలమే కావడంతో తేడా తెలియక, వారు ఆకుపచ్చ ఫ్లోరెసీన్‌కు మారారు. మీరు ఆకుపచ్చ వదిలి 647 అంకెతో అమ్మే రంగుల లాంటి దూరపు ఎరుపు రంగుకు మారండి.

జీవరసాయన అధ్యాపకుడు:
ఇదంతా సరే, ప్రతిరక్షకం చూపేది ఎంజైము ఉనికిని మాత్రమే, దాని పనిని కాదు. మెథియోనిన్ సల్ఫాక్సిమీన్ అనే నిరోధకం ఈ ఎంజైమును శాశ్వతంగా పనిచేయనీయకుండా చేసినా, ప్రోటీను అక్కడే ఉంటుంది కనుక సెక్షను వెలుగుతూనే ఉంటుంది. జీవక్రియను అధ్యయనం చేస్తున్నామనేవారు పనిని విడిగా కొలవాలి.

ఇమేజింగ్ గది:
ఆమె అడిగింది ఎంజైము ఎక్కడ ఉందని.

పాత విద్యార్థి:
ఇంతకూ రంగు నేరుగా అతికించాల్సిన అవసరం ఏమొచ్చింది? రంగు లేని ప్రతిరక్షకం వేసి, దానిమీద, ఆ మొదటిదాన్ని పట్టుకునే రంగున్న ద్వితీయ ప్రతిరక్షకం వేస్తే బి.ఎస్.ఏ. గొడవే ఉండదు, వెలుగు కూడా పెరుగుతుంది.

శోధకురాలు:
అదే సెక్షనులో యూరియా తయారీలో పాల్గొనే కార్బమైల్ ఫాస్ఫేట్ సింథటేజ్ 1 ఎంజైమును కూడా చూడాలి. రెండు ప్రతిరక్షకాలూ కుందేలువే కాబట్టి ద్వితీయ ప్రతిరక్షకం రెండింటినీ పట్టుకుంటుంది.

పాత విద్యార్థి:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. పక్కపక్కన కోసిన రెండు సెక్షన్లు తీసుకుని ఒక్కోదానిలో ఒక్కో ఎంజైమును చూడండి. ఈ రెండూ కాలేయంలో వేర్వేరు కణాల్లో ఉంటాయి కనుక మీ ప్రశ్నకు అది చాలు. గ్లూటమీన్ సింథటేజ్ కాలేయపు చిన్న భాగాల నడుమ ఉండే కేంద్ర సిర చుట్టూ ఒకటి నుంచి మూడు వరుసల కణాల్లోనే ఉంటుంది, యూరియాగా మారకుండా తప్పించుకున్న అమోనియాను అక్కడ పట్టుకుంటుంది. రెండోది పేగుల నుంచి రక్తం తెచ్చే నిర్వాహక సిర వైపు నుంచి ఆ అంచు దాకా పరుచుకుని ఉంటుంది. కాబట్టి సిర చుట్టూ సన్నటి ఉంగరం కనిపిస్తే మీ రంగు సరైనదే. ఉంగరం లేకుండా అంతటా వెలుగుంటే ఎంత అందంగా ఉన్నా ఆ చిత్రాన్ని నమ్మకండి. ఒకే సెక్షను తప్పదంటే బి.ఎస్.ఏ. లేని ప్రతిరక్షకం తెప్పించుకోండి, లేదా ఉన్నదాన్ని ప్రోటీన్ ఎ గొట్టం గుండా పంపండి. కుందేలు ప్రతిరక్షకం దానికి గట్టిగా పట్టుకుంటుంది, బి.ఎస్.ఏ. కిందికి పోతుంది.

శోధకురాలు:
పాత సీసాతోనే పక్క సెక్షను మీద ద్వితీయ ప్రతిరక్షకం వేశాను. ఒక సిర చుట్టూ ఉంగరం లాంటిది కనిపిస్తోంది, మిగతావి ఇంకా చూడాలి. ధన్యవాదాలు.

జీవరసాయన అధ్యాపకుడు:
పోల్చి చూడడానికి ద్వితీయ ప్రతిరక్షకం ఒక్కటే వేసిన సెక్షనును పక్కన పెట్టుకున్నారా?