చెన్నైలో జనరల్ సర్జరీ శిక్షణ: ప్రభుత్వ కళాశాలలో ఎంఎస్, కార్పొరేట్ ఆసుపత్రిలో డీఎన్‌బీ – మీ అనుభవాలు చెప్పండి

గూడూరు_అబ్బాయి

అందరికీ నమస్కారం. నీట్ పీజీ (వైద్య పీజీ సీట్ల ప్రవేశ పరీక్ష) కౌన్సెలింగులో చెన్నైలోనే జనరల్ సర్జరీ తీసుకోవాలని నిర్ణయించుకున్నాను. ప్రభుత్వ వైద్య కళాశాలలో ఎంఎస్ (మాస్టర్ ఆఫ్ సర్జరీ) సీటు రావచ్చు. రాకపోతే ఒక కార్పొరేట్ ఆసుపత్రిలో డీఎన్‌బీ (జాతీయ పరీక్షా బోర్డు ఇచ్చే పీజీ పట్టా) దొరుకుతుంది. రెండూ మూడేళ్ల కోర్సులే, రెండు పట్టాలకూ గుర్తింపు ఉంది కనుక నా సందేహం పట్టా గురించి కాదు. మూడేళ్లు గడిచేసరికి అపెండిక్స్, హెర్నియా, పేగుకు రంధ్రం పడిన కేసు స్వయంగా చేయగల ధైర్యం ఎక్కడ వస్తుందో, చదివినవారూ చదువుతున్నవారూ వివరంగా చెప్పగలరా?

మూడో_యూనిట్

నేను నగరంలోని ఒక ప్రభుత్వ కళాశాలలో ఎంఎస్ పూర్తి చేశాను. అక్కడ సర్జరీ విభాగం యూనిట్లుగా ఉంటుంది: ఒక చీఫ్, ఆయన కింద అసిస్టెంట్ ప్రొఫెసర్లు, వారి కింద మూడు సంవత్సరాల పీజీ విద్యార్థులు (పీజీలు). యూనిట్ అడ్మిషన్ రోజున క్యాజువాలిటీకి వచ్చిన ప్రతి కడుపునొప్పీ, ప్రతి రోడ్డు ప్రమాదమూ ఆ యూనిట్ బాధ్యతే. మొదటి సంవత్సరం మీ చేతిలో కత్తి కంటే కేస్ షీటే ఎక్కువగా ఉంటుంది. రక్తం తీయడం, స్కాన్ కోసం రేడియాలజీ వారిని బతిమాలడం, మధుమేహంతో కుళ్లిన పాదాలకు డ్రెస్సింగ్ చేయడం, చీముగడ్డలు కోయడం అప్పటి పని. దాన్ని తక్కువగా చూడకండి. చచ్చిన కండ ఎక్కడ ఆగి రక్తం ఊరే కండ ఎక్కడ మొదలవుతుందో చేతికి తెలిసేది ఆ డెబ్రిడ్‌మెంట్ (చచ్చిన కండను కోసి తీసే) గదిలోనే. రెండో సంవత్సరంలో హైడ్రోసీల్ (వృషణం చుట్టూ నీరు చేరడం), హెర్నియా, అపెండిక్స్ వస్తాయి. మూడో సంవత్సరంలో, రాత్రివేళ డ్యుయోడినల్ (చిన్నపేగు మొదటి భాగపు) రంధ్రానికి ఒమెంటం (పొట్టలోని కొవ్వు పొర) ప్యాచ్ వేయడం, బిగుసుకుపోయిన హెర్నియాలో నల్లబడిన పేగును తీసి మిగిలింది అతకడం వంటివి, అసిస్టెంట్ ప్రొఫెసర్ ఎదురుగా నిలబడి ఉండగా మీరే చేస్తారు.

లోపం కూడా చెప్పాలి. రద్దీ వల్ల మొదటి సంవత్సరం వారికి నేర్పేది ఎక్కువగా రెండో సంవత్సరం వారే. వారు సరిగ్గా నేర్చుకుని ఉంటే మీ అదృష్టం. లేకపోతే ముడి వేసేటప్పుడు దారాన్ని పైకి లాగే అలవాటు మొదలుకొని లాంగ్ కేస్ (ఒక రోగిని పూర్తిగా పరీక్షించి వివరించడం) చెప్పే తీరు వరకు తప్పులు కూడా వారసత్వంగా దిగుతాయి. మా చీఫ్ పడక పక్కన నిలబెట్టి కేసు చెప్పించేవారు కాబట్టి మేము బయటపడ్డాం. పక్క యూనిట్‌లో ఆ పద్ధతే లేదు. ఒకే కళాశాలలో గోడకు అటొక చదువు, ఇటొక చదువు.

ముప్పై_డిగ్రీలు

నేను కార్పొరేట్ ఆసుపత్రిలో డీఎన్‌బీ చివరి సంవత్సరంలో ఉన్నాను. ఇక్కడికి వచ్చే రోగి ఒక కన్సల్టెంట్ పేరు విని, డబ్బు కట్టి వస్తాడు. ఆపరేషన్‌ను రెసిడెంట్ (శిక్షణలో ఉన్న డాక్టర్) చేతికి ఇవ్వడం ఆయనకు అంత తేలిక కాదు, ఆ ఇబ్బంది మనం అర్థం చేసుకోవలసిందే. అందువల్ల ల్యాపరోస్కోపీలో (చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చేసే ఆపరేషన్లలో) చాలా కాలం కెమెరా పట్టుకున్నాను. ముప్పై డిగ్రీల స్కోప్‌ను తిప్పుతూ స్క్రీన్ మీద బొమ్మ పక్కకు ఒరగకుండా చూపించడం కూడా విద్యే, కానీ దానితో గాల్‌బ్లాడర్ (పిత్తాశయం) తీయడం రాదు.

అయితే మా కన్సల్టెంట్లలో ఒకరు ఆపరేషన్‌ను భాగాలుగా ఇస్తారు. మొదట పోర్టులు (పరికరాలు దూర్చే రంధ్రాలు) పెట్టడం, మూయడం. అవి కుదిరాక గాల్‌బ్లాడర్‌ను కాలేయం నుంచి విడదీయడం ఇస్తారు. వరుసలో అది చివరి ఘట్టమైనా, ప్రమాదం తక్కువ కనుక నేర్చుకునేవారికి ముందు వస్తుంది. కాలోస్ త్రికోణం (గాల్‌బ్లాడర్ నాళం, ధమని ఉండే చోటు) అన్నిటికంటే ఆఖరున. అక్కడ కొవ్వంతా శుభ్రమైందనీ, గాల్‌బ్లాడర్ కింది మూడో వంతు కాలేయం నుంచి విడివడిందనీ, గాల్‌బ్లాడర్‌లోకి వెళ్తున్నవి ఆ రెండే రెండనీ చూపించి, నోటితో చెప్పాకే క్లిప్ వేయనిస్తారు. పిత్తనాళం తెగే ప్రమాదాన్ని తప్పించడానికి 1995లో స్ట్రాస్‌బర్గ్ బృందం వివరించిన పద్ధతి ఇది. మరొకరి దగ్గర ఏడాదంతా నిలబడినా మీకు దక్కేది కెమెరాయే.

సీటీ స్కాన్ చదవడం, ఐసీయూలో రోగిని నిలబెట్టడం ఇక్కడ బాగా వస్తాయి. రాత్రిపూట పేగు రంధ్రం కేసులు మాత్రం మాకు తక్కువ, వచ్చినా కన్సల్టెంటే చేస్తారు.

నిద్రలేని_డాక్టరమ్మ

పని గంటల సంగతి ఎవరూ ఎత్తలేదు. 1992 నాటి కేంద్ర రెసిడెన్సీ పథకం ఎడతెగని డ్యూటీ సాధారణంగా రోజుకు 12 గంటలు దాటకూడదని, వారానికి 48 గంటలని చెప్పింది. 2023 నాటి పీజీ నిబంధనల్లో ఎన్‌ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) వారానికి ఒక సెలవు, ఏడాదికి 20 రోజుల క్యాజువల్ లీవు రాసి, గంటల విషయంలో మాత్రం ‘సహేతుకంగా’ ఉండాలని ఊరుకుంది. అమెరికాలో 2003 నుంచి వారానికి 80 గంటల హద్దు ఉంది, కాకపోతే వారి సర్జరీ శిక్షణ ఐదేళ్లు. మనకు మూడేళ్లే కనుక గంటలు పెంచి ఆ తేడా పూడ్చుకోవాలన్న వాదన నాకు మింగుడుపడదు. రాత్రంతా మేల్కొన్న పీజీ మర్నాడు రిట్రాక్టర్ (కోత అంచులను పక్కకు లాగి ఉంచే పరికరం) పట్టుకుని కునికిపాట్లు పడుతుంటే ఆ ఆపరేషన్ లాగ్‌బుక్‌లో (పీజీ పని నమోదు పుస్తకంలో) ఒక అంకెగా చేరుతుంది, అంతకుమించి ఏమీ ఉండదు. ఇది చదివే అమ్మాయిలు సీటు ఖాయం చేసుకునే ముందు ఆడ పీజీలకు వేరుగా డ్యూటీ గది ఉందో లేదో కూడా కనుక్కోండి.

విశ్రాంత_ఆచార్యుడు

ప్రభుత్వంలోనూ, ఆ తరువాత ప్రైవేటులోనూ పీజీలకు బోధించాను. ‘ఎన్ని ఆపరేషన్లు వస్తాయి’ అని అడిగితే అందరూ ఘనంగానే చెబుతారు. దానికి బదులు చివరి సంవత్సరం పీజీని పక్కకు పిలిచి, ఆయన చివరగా నిలబడిన హెర్నియా ఆపరేషన్‌ను మొదటి నుంచి చెప్పమనండి. ఎక్స్‌టర్నల్ ఆబ్లిక్ (పొట్ట గోడ పై పొర) ఎవరు తెరిచారు, గజ్జలోని ఇలియోఇంగ్వినల్ నరాన్ని ఎవరు గుర్తించారు, హెర్నియా సంచిని ఎవరు విడదీశారు, మెష్ (బలానికి వేసే జాలీ) కొలత ఎవరు నిర్ణయించారు? ఆ జవాబులో అక్కడి బోధన మొత్తం తెలిసిపోతుంది. లాగ్‌బుక్‌లో చూడటం, సహాయం చేయడం, పర్యవేక్షణలో చేయడం, స్వయంగా చేయడం అనే మెట్లు వేర్వేరుగా ఉన్నా, సంతకాల హడావుడిలో అవి ఒకదానిలో ఒకటి కలిసిపోవడం నేను రెండు చోట్లా చూశాను.

మరణాలనూ చిక్కులనూ చర్చించే సమావేశం నెలనెలా జరుగుతోందా, అందులో పీజీ కేసును వివరిస్తున్నాడా లేక తిట్లు తింటున్నాడా అన్నది కూడా అడగండి. ల్యాపరోస్కోపీ బాక్స్ ట్రైనర్ (సాధన పెట్టె) చాలాచోట్ల ఉంటుంది, కానీ ఆ గది తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో పీజీలకే తెలియదు.

మూడు, నాలుగు, ఐదు సెమిస్టర్లలో ఏదో ఒకదానిలో మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలన్న నిబంధనను చాలామంది శిక్షగా భావిస్తారు. సర్జన్లు ఒకరిద్దరే ఉండే అటువంటి చోట హైడ్రోసీల్, హెర్నియా ధారాళంగా చేతికి వస్తాయి. డీఎన్‌బీ వారికి ఇది మరింత ఉపయోగం. చెన్నైలోని స్టాన్లీ వైద్య కళాశాలలో డాక్టర్ ఆర్. వెంకటస్వామి నిర్మించిన చేతి శస్త్రచికిత్స విభాగం వంటి చోట కొన్నాళ్లు గడిపే అవకాశం దొరికితే అది కూడా వదలకండి. నలిగిన చేతిని సరిచేయడం చూసినవాడు కణజాలాన్ని ఫోర్సెప్స్‌తో ఎక్కడ పడితే అక్కడ పట్టుకోడు.

గూడూరు_అబ్బాయి

అందరికీ కృతజ్ఞతలు. ఆచార్యుల వారి ప్రశ్నలు రాసిపెట్టుకున్నాను. ఇంకా రెండు సందేహాలు: తమిళం రాకపోతే ఇబ్బందా? థీసిస్ విషయం ఎలా ఎంచుకోవాలి?

మూడో_యూనిట్

తమిళం త్వరగా నేర్చుకోండి. నెల్లూరు, సూళ్లూరుపేట వైపు నుంచి రైలెక్కి సెంట్రల్‌లో దిగి, ఎదురుగా ఉన్న జనరల్ ఆసుపత్రికి వచ్చే రోగులు ఎందరో ఉంటారు కనుక మన తెలుగుకు విలువ ఉంది. కానీ ప్రాక్టికల్ పరీక్షలో మీకిచ్చే లాంగ్ కేస్ తమిళం తప్ప మరోటి మాట్లాడకపోవచ్చు.

థీసిస్‌కు ముందు పరిశోధన పద్ధతులపై ఆన్‌లైన్ కోర్సు ఒకటి తప్పనిసరి. దాన్ని నడిపేది చెన్నైలోనే ఉన్న ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వారి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎపిడెమియాలజీ. మొదటి సంవత్సరంలోనే ముగించండి. విషయం మాత్రం మీ వార్డులో నిండుగా ఉండే జబ్బు నుంచే తీసుకోండి. పత్రికలో ఆకర్షణీయంగా కనిపించిన అరుదైన ల్యాపరోస్కోపీ అంశం తీసుకుని, గడువు దగ్గరపడ్డాక కేసుల కోసం ఇతర యూనిట్ల చుట్టూ తిరిగినవారు మా బ్యాచ్‌లోనే ఉన్నారు. ప్రోటోకాల్‌ను ఎథిక్స్ కమిటీకి పంపే ముందు గడిచిన ఏడాది అడ్మిషన్ రిజిస్టర్ ఒకసారి తిరగేయండి.