హార్డ్ డిస్క్ పోతోందని అనుమానం వస్తే ముందు చెక్‌డిస్క్ రన్ చేయాలా, కాపీ తీసుకోవాలా?

శ్రావణమేఘం:
1 టీబీ హార్డ్ డిస్క్, పాతదే. ఫోల్డర్ తెరిస్తే చాలాసేపు తిరుగుతూనే ఉంటోంది, కొన్ని ఫొటోలు సగం వరకే వచ్చి కిందంతా బూడిద రంగు. డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో పసుపు రంగు కాషన్ (హెచ్చరిక), సి5 వరుసలో చివర 10 అని ఉంది. విండోస్‌లో డిస్క్ తప్పులు వెతికి సరిచేసే చెక్‌డిస్క్‌ను ఆర్ ఆప్షన్‌తో రన్ చేయమని ఒకరు, అసలు ముట్టుకోవద్దని ఇంకొకరు. బ్యాకప్ లేదు, చాలా టెన్షన్‌గా ఉంది.

పాతబోర్డు:
చెక్‌డిస్క్ రన్ చేసేయండి. బ్యాడ్ సెక్టార్లను, అంటే డిస్క్‌లో పాడైన చిన్న చిన్న భాగాలను, పట్టుకుని పక్కన పెట్టేస్తుంది. డిస్క్‌ను బోర్డుకు కలిపే సాటా కేబుల్ కూడా మార్చి చూడండి.

కాపీముందు:
దయచేసి ఇప్పుడే చేయకండి. కేబుల్ లోపమైతే పెరిగేది సి7, అంటే డేటా పంపడంలో వచ్చిన తప్పుల లెక్క. సి5 అంటే డిస్క్ చదవలేక పెండింగ్‌లో పెట్టిన సెక్టార్లు. ఆ అంకె మామూలుగా హెక్స్‌లో (పదికి బదులు పదహారుతో లెక్కించే పద్ధతిలో) ఉంటుంది, అంటే మీ 10 నిజానికి 16. చెక్‌డిస్క్ ఆర్ ఖాళీ జాగాతో సహా డిస్క్ మొత్తం చదివిస్తుంది, డేటా చదివే హెడ్ బలహీనంగా ఉంటే ఆ గంటల్లోనే ప్రాణం పోవచ్చు, పైగా ఏ ఫైల్ ఎక్కడుందో రాసుకునే ఫైల్ టేబుల్ సరిగా చదవలేకపోతే ఎంట్రీలు తీసేసి ముక్కల్ని పేర్లు లేకుండా వేరే ఫోల్డర్లో పడేస్తుంది. లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఇంతకంటే పెద్ద డిస్క్ మీదికి డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో ఇమేజ్ (డిస్క్ మొత్తానికి అచ్చు కాపీ) తీయండి. తేలిగ్గా వచ్చేదంతా ముందు లాగేసి, మొండికేసిన చోట్లకు తర్వాత వస్తుంది, ఎంతవరకు అయిందో రాసుకునే మ్యాప్ ఫైల్ ఇస్తే మధ్యలో ఆగినా అక్కడి నుంచే మొదలవుతుంది. చెక్‌డిస్క్ తర్వాత ఆ కాపీ మీద చేసుకోండి.

పాతబోర్డు:
మరీ భయపెడుతున్నారు. కరెంటు పోయి సెక్టార్ సగం రాసినా సి5 పెరుగుతుంది, దాని మీద మళ్లీ రాస్తే సున్నాకి వచ్చేస్తుంది. కాషన్ వచ్చిన ప్రతి డిస్కూ పారేస్తామా?

కాపీముందు:
అది నిజమే, ఒప్పుకుంటాను. కానీ మళ్లీ రాస్తే అందులో ఉన్న డేటా పోతుంది కదా, అందుకే ముందు కాపీ. ఆ తర్వాత డిస్క్ అంతా సున్నాలతో నింపి చూడండి, 05 (పాడైనందుకు బదులు వేరే చోటికి మార్చిన సెక్టార్ల లెక్క) పెరగకపోతే ముఖ్యం కాని వాటికి వాడుకోవచ్చు. సి5 సున్నా అయినంత మాత్రాన నమ్మేయకండి. గూగుల్ వాళ్లు 2007లో ప్రచురించిన అధ్యయనంలో, చెడిపోయిన డిస్కుల్లో 56 శాతానికి పైగా ముఖ్యమైన నాలుగు స్మార్ట్ (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే నమోదు చేసుకునే లెక్కలు) సంకేతాల్లో ఏదీ చూపించలేదు.

శ్రావణమేఘం:
శబ్దం ఏమీ లేదు. కంప్యూటర్ ఆపేశాను, కొత్త డిస్క్ వచ్చాకే ఆన్ చేస్తా.

కాపీముందు:
మంచి పని. మధ్యలో టక్ టక్‌మని మొదలైతే వెంటనే పవర్ తీసేసి డేటా రికవరీ వాళ్లకు ఇవ్వండి. ఇమేజ్ తీసేటప్పుడు ఏది పాత డిస్కో ఏది కొత్తదో సీరియల్ నంబర్ చూసి రెండుసార్లు సరిచూసుకోండి, తారుమారైతే ఉన్నదంతా చెరిగిపోతుంది.